రెండు పౌండ్లు తక్కువ

మా ఓబుళమ్మత్త దినాలకు ఆళ్లగడ్డ పోయి నేను తెచ్చుకున్నది ఒక తుప్పు పట్టిన త్రాసు. అత్త కోడలు రాజమ్మ అటక మీది పెట్టెలన్నీ దించి, గుర్తుగా ఎవరికి ఏది కావాలో తీసుకోమంది. ఒకామె రాగి చెంబు తీసుకుంది, ఒకామె వక్కాకు సంచి తీసుకుంది. నేను త్రాసు తీసుకున్నాను. "ఆ తుప్పుముక్కను ఏం చేసుకుంటావక్కా, ఇత్తడి బిందె ఉండాది, తీసుకోరాదా," అంది రాజమ్మ. "బిందెతో నాకు తగాదా లేదు రాజమ్మా," అన్నాను. అందరూ నవ్వారు. నాకు తగాదాలెక్కువని మావాళ్లకు తెలుసు; ఈ తగాదా ఎంత పాతదో తెలియదు. త్రాసుకు గుండ్రటి ముఖం, పౌండ్ల అంకెలు, ఒక ముల్లు, కింద పసిపిల్లల ఉయ్యాలగుడ్డ తగిలించే కొక్కెం. ఆ కొక్కేనికి చిన్న గుడ్డమూట ఒకటి ఇంకా వేలాడుతూనే ఉంది. విప్పి చూస్తే రెండు మిరపకాయల తొడిమలు, ఉప్పు నీరై ఎండిపోయిన తెల్లని మరక. ఆ మూట కట్టింది మా అత్త చేతులు. అట్లాంటి మూటలు కట్టే అలవాటే మాకు లేదని నలుగురి ముందు చెప్పింది మా అత్త నోరు. పోయినవాళ్ల గురించి మంచే చెప్పాలంటారు కాబట్టి ముందు ఆ పని ముగిస్తాను: ఆమె చేతి జొన్నరొట్టె లాంటి రొట్టె నేను మళ్లీ ఎక్కడా తినలేదు. మంచి అయిపోయింది.

నేను అనంతపురంలో బి.ఏ. పూర్తి చేసి నంద్యాలకు తిరిగి వచ్చేనాటికి కర్నూలు ఇంకా రాజధానిగానే ఉండేది. గుడారాల్లో సర్కారు కచేరీలు నడుస్తున్నాయని, చదువుకున్నవాళ్లను పిలిచి ఉద్యోగాలిస్తున్నారని జనం చెప్పుకునేవాళ్లు. నాకు కచేరీ ఉద్యోగం అక్కర్లేదు. మా ఇల్లు ఒక బియ్యం మిల్లు వెనక సందులో ఉండేది. ఆరేసిన చీరల మీద పొద్దున ఊక బూడిద, సాయంత్రం తవుడు దుమ్ము. అన్నం ముందు కూర్చున్నా ఆ తవుడు వాసనే. మిల్లులో బియ్యం చెరిగే ఆడవాళ్లు పసిబిడ్డలను గోనెసంచుల మీద పండుకోబెట్టి, ఏడ్చి పని చెడగొట్టకుండా ఆవగింజంత నల్లమందు నాకించేవాళ్లు. చిన్నప్పుడు బడికి పోతూ ఆ బిడ్డలను చూసి, ఎంత బుద్ధిగా నిద్రపోతున్నారో అనుకునేదాన్ని. ఆ నిద్ర ఏమిటో తెలిశాక ఆ సందులో నడవడం కష్టమైంది. అట్లాంటి బిడ్డలను చూసుకునే పని, వాళ్ల తల్లులకు సాయపడే పని ఎక్కడైనా ఉంటే అది నాకు కావాలని కాలేజీలో ఉండగానే అనుకున్నాను. అట్లాంటి పని ఒకటి లోకంలో ఉందో లేదో అప్పటికి నాకు తెలియదు.

మా నాయన మిల్లులో గుమాస్తా. సాయంత్రం కాళ్లు కడుక్కొని అరుగు మీద కూర్చుని, పొగాకు కాడ చీలుస్తూ, వీధిలో పోయేవాళ్లకు వినపడేటట్టే నన్ను అడిగేవాడు. "బి.ఏ. చదివించింది పిల్లోళ్ల ముక్కులు తుడిచేదానికా? దానికి మీ అవ్వ చాలు గదా."

"అవ్వ తుడిచేది మన ముక్కులే నాయనా. మిల్లుకాడోళ్లవి ఎవురు తుడుస్తాండారు?"

"నీకు నోరు గూడా బి.ఏ. చదివిండాది," అని పొగాకు నోట్లో వేసుకునేవాడు. కోపం కాదు అది, కొంచెం గర్వం కూడా ఉండేది. ఆ గర్వం చూసే నేను ఊరంతా తిరిగాను. ఆడపిల్లల బడికి పోతే ట్రైనింగ్ ఉందా అన్నారు. అనాథ పిల్లల హాస్టలుకు పోతే మా మతంలో కలుస్తావా అన్నారు. ఆసుపత్రికి పోతే నర్సు చదువు చదివావా అన్నారు. బి.ఏ. చదివినదానికి పిల్లల పనేమిటని సగంమంది, పిల్లల పని చేసేదానికి బి.ఏ. ఎందుకని మిగతా సగం. ఎండాకాలమంతా ఆ రెండు ప్రశ్నల మధ్యనే నా చెప్పులరిగిపోయాయి.

అప్పుడు ఆళ్లగడ్డ నుంచి కార్డు వచ్చింది. ఓబుళమ్మత్త మా నాయనకు అక్క. రాసింది ఇంకెవరో, కింద సంతకం మాత్రం ఆమెది; 'ఓ' అనే అక్షరాన్ని ఆమె కోడిగుడ్డంత పెద్దదిగా పెట్టి, మిగతా పేరంతా దాని నీడలో ఇరికించేది. ఆళ్లగడ్డలో మహిళా మండలి పెట్టారు, దానికి ఆమే ప్రెసిడెంటు. మండలి తరఫున చిన్నపిల్లలకు బాలవాడి మొదలుపెడుతున్నారు. ఆరు నెలలు జీతం లేకుండా నడిపి చూపిస్తే, కర్నూలు నుంచి ఆఫీసరమ్మ వచ్చి చూసి, బాగుందని రాస్తే టీచరు ఉద్యోగం మంజూరవుతుంది. పాపను పంపించు, దానికి కాక ఇంకెవరికిస్తారు, అని ఉంది. పాప అంటే నేను. మా నాయన కార్డు రెండుసార్లు చదివి, "అక్క ఇల్లు గాబట్టి పంపిస్తాండా. ఆరు నెలల్లో పని కుదరకుంటే తిరిగొచ్చి నేను చెప్పినట్ల ఇనాల," అన్నాడు. చెప్పినట్ల అంటే ఏమిటో వేరే చెప్పనక్కర్లేదు. కోయిలకుంట్లలో ఒక సంబంధం అప్పటికే ఎదురుచూస్తూ ఉంది. నేను సరేనన్నాను. ఆరు నెలల్లో నేను ఏం చేసి చూపించలేననే అనుమానం నాకు రాలేదు. ఆ వయసులో మనకు అనుమానాలన్నీ ఎదుటివాళ్ల మీదే.

అత్త ఇంట్లో దినచర్య గడియారం లేకుండానే గంట కొట్టినట్టు నడిచేది. తెల్లవారకముందే కళ్లాపి చప్పుడు, పశువుల కొట్టంలోంచి గడ్డి వాసన, ఆ తరువాత పొయ్యి దగ్గర రొట్టెలు తట్టే చప్పుడు. చెనిక్కాయలు వేయించి, ఎండుమిరపకాయలు వేసి రోట్లో ఊరుబిండి నూరుతుంటే ఆ ఘాటుకు పక్కింటి ముసలాయన దగ్గడం మొదలుపెట్టేవాడు; ఆయన దగ్గు విని మేము అన్నానికి లేచేవాళ్లం. వాన పడితే వాకిట్లోంచి వీధిలోకి పోవడానికే అరగంట. నల్లరేగడి మన్ను చెప్పులను ఊడబెరుక్కునేది. అత్తకు రెండు రకాల చీరలుండేవి. ఇంట్లో ముదురు రంగు నేతచీర, మోకాళ్ల దాకా ఎగచెక్కి. మీటింగులకు తెల్ల ఖద్దరు చీర. దాన్ని వేపాకు వేసి ఇనప్పెట్టెలో దాచేది. ఖద్దరు చీర కట్టుకున్నప్పుడు ఆమె మాట కూడా మారేది. 'ఉండాది' పోయి 'ఉందండీ' వచ్చేది. అది చూసి నేను నవ్వేదాన్ని. నవ్వాల్సింది కాదు, జాగ్రత్తపడాల్సింది.

బాలవాడికి సర్కారు వాళ్లు ఒక పాలపొడి డబ్బా, ఈ త్రాసు, ఒక రిజిస్టరు ఇచ్చారు. నెలకొకసారి ప్రతి బిడ్డనూ తూచి రిజిస్టరులో రాయాలి. మొదటి నెల ముప్పై మందికి పైగా వచ్చారు. బాలవాడి నడిచే సత్రం వసారాలో దూలానికి త్రాసు వేలాడదీసి, ఒక్కొక్క బిడ్డనే గుడ్డలో కూర్చోబెట్టి, తల్లులు సంతోషిస్తారని గట్టిగా చదివాను. ఇరవై పౌండ్లు. ఇరవైరెండున్నర. పందొమ్మిది. మరుసటి రోజు బాలవాడికి వచ్చింది ముగ్గురు. అందులో ఇద్దరు తప్పిపోయి వచ్చినవాళ్లు.

ఆ సాయంత్రం అత్త పొయ్యి ముందు కూర్చుని, రొట్టె తిరగేస్తూ, తల కూడా ఎత్తకుండా చెప్పింది. "పసిబిడ్డను కొలిచి పైకి చెప్తారామ్మే? నేను జొన్నలు కొలిచేటప్పుడు ఎప్పుడన్నా ఒకటి అంటినా? లాభం అంటా. జొన్నలకే అంత ఉంటే బిడ్డలకుండదా?"

"తూకం చెప్పకపోతే తల్లికి ఎట్ల తెలుస్తాది అత్తా, బిడ్డ పెరుగుతాండేది?"

"తల్లికి సంకలో తెలుస్తాది. నీ ముల్లు చెప్పాల్నా? సరే, చెప్పేదే కావాలంటే రెండు తగ్గించి చెప్పు. ఇరవై ఉంటే పద్దెనిమిదను. రాసేకాడ ఏమన్నా రాసుకో, కాగితానికి దిష్టి తగల్దు."

నేను వాదించాను. రాత్రి రొట్టెలు అయిపోయే దాకా వాదించాను. చివరికి ఆమె లేచి పోయి ఉప్పు, మిరపకాయలు పాతగుడ్డలో కట్టి తెచ్చి, "కొక్కేనికి కట్టు. నేను కట్టించినానని చెప్పు, అందరూ వస్తారు," అంది. మర్నాడు తానే వచ్చి తన చేత్తో కట్టింది. అందరూ వచ్చారు. అప్పటినుంచి చెవికి ఒక అంకె, కాగితానికి ఒక అంకె. తగ్గించి చెబుతున్నానని తల్లులకూ తెలుసు. చెప్పిన అంకెనే ఇంటికి తీసుకుపోయి, అడిగినవాళ్లకు అదే చెప్పేవాళ్లు. ఎవరినీ మోసం చేయకుండా పని జరుగుతున్నదని నేను మురిసిపోయాను. కాలేజీలో చదివిన పుస్తకాలలో దీన్ని ఏమనాలో లేదు. నేనే కనిపెట్టినట్టు అనిపించింది.

సుంకమ్మ కొడుకు మద్దిలేటి సంగతి చెప్పకుండా ముందుకు పోలేను. సుంకమ్మ కూలికి పోయే మనిషి. పిల్లవాడికి రెండేళ్లు, కాళ్లు తంగేడు పుల్లలు. మూడు నెలలు వరసగా ముల్లు పదిహేడు దగ్గరే నిలబడిపోయింది. రిజిస్టరులో పదిహేడు, పదిహేడు, పదిహేడు. నేను పదిహేను అని చెబితే సుంకమ్మ తృప్తిగా తల ఊపేది. వాడికి పాలు రెండు గ్లాసులు పోశాను, ఇంట్లో చెనిక్కాయలు దంచి బెల్లంతో ముద్దలు చేసి తినిపించాను. నాలుగో నెల ముల్లు పద్దెనిమిదిన్నరకు పోయింది. వీధిలో నిలబడి అరవాలనిపించింది. "పదారున్నర," అన్నాను. సుంకమ్మ నా ముఖం చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది. నాకు ఉద్యోగం దొరికిన రోజు ఏదైనా ఉందంటే అదే. కాగితం మీద రానిది వేరే మాట.

ఆరో నెలకు ముందే ఆఫీసరమ్మ వచ్చింది. కళ్లద్దాలు, చేతి గడియారం, కోస్తా మాట. అత్త ఖద్దరు చీర కట్టి, స్త్రీల చైతన్యం గురించి ఎవరో రాసిచ్చిన నాలుగు మాటలు తడుముకోకుండా చెప్పింది. పిల్లలు పాట పాడారు. వసారా శుభ్రంగా ఉంది, పాలగ్లాసులు తళతళలాడుతున్నాయి. ఆఫీసరమ్మకు నచ్చిందని ముఖంలోనే తెలుస్తున్నది. ఇక లేవబోతూ రిజిస్టరు తీసి, ఎదురుగా ఉన్న సుంకమ్మను అడిగింది. "మీ బాబు ఎంత బరువున్నాడమ్మా?"

"పదారున్నరమ్మా."

ఆఫీసరమ్మ వేలు రిజిస్టరు మీద ఆగింది. పక్కనున్నామెను అడిగింది, ఆమె వెనకామెను అడిగింది. అందరూ నేను చెప్పిన అంకెలనే అప్పజెప్పారు. అప్పుడు ఆమె లేచి నిలబడి గట్టిగా చదవడం మొదలుపెట్టింది. "ఇక్కడ పద్దెనిమిదిన్నర అని ఉందే? ఈ పాపకు ఇరవైనాలుగు, తల్లేమో ఇరవైరెండంటుంది. ఈ బాబుకు ఇరవై ఆరు. పాలపొడికి ఫలితం చూపించాలని ప్రతిదానికీ రెండేసి కలిపారా?" ఫలితం చూపించాలని కలిపేవాళ్లు మద్దిలేటికి మూడు నెలలు వరసగా పదిహేడే ఎందుకు రాస్తారని ఆమెకు తోచలేదు. నాకు తోచింది, చెప్పబోయాను కూడా. కానీ అప్పటికే జరగాల్సింది జరిగిపోయింది. అందరి ముందు, బిడ్డల అసలు తూకాలు ఒక్కొక్కటే పైకి వినిపిస్తుంటే తల్లులు బిడ్డలను చంకనేసుకుని వసారా దిగుతున్నారు. ఒకామె పోతూపోతూ బిడ్డ తల మీద థూ థూ అని ఉమ్మింది. ఒక్క బిడ్డనైనా తూచి చూడండి అని నేను వెనక్కు తిరిగేసరికి ఉయ్యాలగుడ్డ ఒక్కటే ఊగుతున్నది.

దిష్టి గురించి చెప్పాను. నోటితో తగ్గించి చెప్పాను గానీ కాగితంలో ఉన్నది నిజమని చెప్పాను. మూట చూపించాను. "చదువుకున్నదానివి, నీకీ బుద్ధి ఎవరు నేర్పారు?" అంది ఆఫీసరమ్మ.

"మా అత్త. ప్రెసిడెంటు గారు."

ఆఫీసరమ్మ అత్త వైపు తిరిగింది. నేనూ తిరిగాను. ఒక్క మాట చాలు. ఆ ఒక్క మాటకు నా ఉద్యోగం, మా నాయన గర్వం, మద్దిలేటి అయిదో నెల తూకం, అన్నీ ముడిపడి ఉన్నాయి. అత్త పమిట సర్దుకుంది. "మా మండలిలో అట్లాంటి మూఢనమ్మకాలు లేవండీ. ఆ పాపకు చదువెక్కువండీ, మా ఊరి సంగతి తెలీదు," అంది. నా ముఖంలోకి చూసే అంది. ఆ 'అండీ' ఇప్పటికీ నా చెవిలో ఉంది.

ఆ సాయంత్రం ఆమె నేతచీరలోకి మారి, ఎప్పటిలాగే పొయ్యి ముందు కూర్చుని, నా రొట్టె మీద రోజుకంటే పెద్ద వెన్నముద్ద పెట్టింది. "తిను," అంది. నేను తినలేదు. "ఎందుకత్తా అట్ల అంటివి?" అన్నాను. నేను ఊళ్లో అందరితో వాదించే మనిషిని, నాకు ఆ మూడు మాటలే వచ్చాయి. ఆమె పొయ్యిలో కట్టె లోపలికి తోసింది. "మండలి నిలబడాల గదమ్మే. నువ్వు ఈ పొద్దు ఉంటావ్, రేపు పెండ్లి చేసుకోని పోతావ్. మండలి ఈడనే ఉంటాది, నేనూ ఈడనే ఉంటా. ప్రెసిడెంటు దిష్టి తీస్తాదని కర్నూలు దాకా నవ్వుకోవాల్నా?" అందులో న్యాయం ఉందని ఇప్పుడు ఎవరైనా నాకు చెప్పవచ్చు. చెప్పి చూడండి. తన పరువుకు నా పరువును దిష్టి తీసి పారేసింది, నేను దాన్ని ఇంకో పేరుతో పిలవను.

తెల్లవారి బస్సుకు నంద్యాల వచ్చేశాను. మా నాయన అరుగు మీదే ఉన్నాడు. "రిజిస్టరు తప్పు రాసినావంట గదా," అన్నాడు. నాకంటే ముందే కబురు చేరింది. నేను చెప్పిందంతా విని, "అక్క అబద్ధం చెప్తాదా?" అని లోపలికి పోయాడు. ఆ తరువాత బి.ఏ. చదివిన నోరని ఆయన ఎప్పుడూ నవ్వుతూ అనలేదు. నందికొట్కూరు వైపు అట్లాంటి పనే ఖాళీ ఉందని తెలిసి పోతే, పేరు అడిగి, కాగితాలు తిరగేసి, మీరు ఆళ్లగడ్డ ఆమే కదా అన్నారు. రిజిస్టరు తెప్పించి నెలనెలా అంకెలు చూపిస్తే నా నిజం తెలుస్తుందని అత్తకు ఉత్తరం రాశాను. కార్డు వచ్చింది: రిజిస్టరు ఆఫీసరమ్మ కర్నూలుకు ఎత్తుకపోయింది, మా దగ్గర లేదు. కింద కోడిగుడ్డంత 'ఓ'. కోయిలకుంట్ల సంబంధం కుదిరింది. మనిషి మంచివాడే, తగాదా ఆయనతో కాదు. తరువాత ట్రైనింగ్ చదివి హైస్కూల్లో చరిత్ర పాఠాలు చెప్పాను. ఎవరెవరో రాజులు ఎవరెవరికో చేసిన ద్రోహాలు అన్నేళ్లూ పిల్లలకు వల్లె వేయించాను. ఆళ్లగడ్డ బాలవాడికి వేరే ఆమె వచ్చిందని, ఆమె త్రాసు జోలికి పోలేదని, త్రాసు అత్త ఇంటి అటక ఎక్కిందని తరువాత విన్నాను. పెళ్లిళ్లలో అత్త ఎదురైనప్పుడల్లా "బాగుండావా పాపా" అనేది. "బాగుండా" అనేదాన్ని. ఇద్దరమూ కొంచెం తగ్గించే చెప్పుకునేవాళ్లం.

ఇప్పుడు మా వీధిలోనే అంగన్‌వాడీ ఉంది. గోడ మీద ప్రతి బిడ్డకూ ఒక పటం, నెలనెలా ఒక చుక్క, చుక్కలు కలుపుతూ ఒక గీత. తల్లులు వచ్చి వాళ్ల బిడ్డ గీత చూసుకుపోతారు. అక్కడ పనిచేసే అమ్మాయి పదో తరగతి చదివింది. ఆ పిల్ల అంకె పైకి చెప్పదు. వేలితో చుక్క చూపించి ఊరుకుంటుంది. మొదటిసారి అది చూసినప్పుడు నేను గుమ్మంలోనే నిలబడిపోయాను. ఇంత చిన్న ఉపాయం నాకు ఎందుకు తట్టలేదు అనుకున్నాను. ఆ అమ్మాయిని ఎవరైనా వచ్చి నిలదీస్తే పక్కన నిలబడేందుకు ఎవరున్నారో అడగాలనుకున్నాను. అడగలేదు.

త్రాసు కింద ఇంకొకటి ఉందని మొదట నేను చెప్పలేదు. దినాలనాడు ఆ పెట్టె అడుగున, మడత పెట్టిన తెల్ల ఖద్దరు చీర కింద, రిజిస్టరు ఉంది. కర్నూలు పోలేదు, ఎక్కడికీ పోలేదు. అందులోని నా అక్షరాలు అప్పుడు నేనెంత చిన్నదాన్నో గుర్తు చేశాయి. పేజీలు తిప్పుతూ పోతే నా చివరి వరస కింద ఇంకో చేతి రాత మొదలైంది. పెద్ద పెద్ద అక్షరాలు, వంకర అంకెలు, మొదట్లో కోడిగుడ్డంత 'ఓ'. ఓబులేసు, తొమ్మిది. ఓబులేసు, పదకొండు. ఓబులేసు, పన్నెండున్నర. ఓబులేసు అంటే రాజమ్మ పెద్దకొడుకు, ఆమె మనవడు. నేను గీసిన గీతల్లోనే, నేను రాసిన పద్ధతిలోనే, నెలనెలా, రెండేళ్ల పాటు. "అవునక్కా, వానికి తలుపేసి తూకమేసేది," అంది రాజమ్మ. "నాకు మాత్రం ఎప్పుడూ సరిగ్గ చెప్పలే." దొంగ రిజిస్టరు అనుకున్న దాంట్లో ఎవరూ మనవడి తూకం రాసుకోరు. అందులో ప్రతి అంకె నిజమని ఈ లోకంలో నాకు కాక ఇంకొక్క మనిషికే తెలుసు, ఆ మనిషి దాన్ని పెట్టె అడుగున పెట్టి పైన ఖద్దరు చీర పరిచింది.

వసారాలో విస్తళ్లు ఎత్తుతూ ఒక ముసలామె నా చేతిలో పుస్తకం చూసి దగ్గరికి వచ్చింది. పళ్లు పోయాయి, నవ్వేటప్పుడు కొంగు నోటికి అడ్డం పెట్టుకోవడం పోలేదు. సుంకమ్మ. మద్దిలేటి టైరుబండి తోలుతున్నాడని, వాడికి ముగ్గురు పిల్లలని చెప్పింది. "ఆ కాలం పుస్తకమేనా టీచరమ్మా అది? మా మద్దిలేటిది ఉండాదా అందులో?" అంది.

ఉంది. నా వేలు ఆ వరస మీదే ఉంది. పదిహేడు, పదిహేడు, పదిహేడు, పద్దెనిమిదిన్నర. చుట్టూ ఆడవాళ్లు పది మంది ఉన్నారు. పైకి చదివితే సరిపోయేది. చదవాలనే నోరు తెరిచాను.

"పదారున్నర," అన్నాను.

సుంకమ్మ తల ఊపింది. "అదే గదమ్మా," అంది. "ఆ పొద్దు ఆ ఆఫీసరమ్మకు నేను సరిగ్గనే చెప్తి. నీకే తప్పు పడినట్లుండాది."